ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద సేవా సైకిల్ యాత్ర

మనిషికి 1,200 రూపాయల చొప్పున ముగ్గురికి 3,600 కట్టి, పేద పిల్లల గుండె ఆపరేషన్ల సహాయార్థం జరిగిన సామూహిక సైకిల్ యాత్రలో పాల్గొనడానికి డిసెంబరు నెలలో గోదావరి డెల్టాకు వెళ్ళి వచ్చాం. ధవళేశ్వరం నుంచి బొబ్బర్లంక, ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేటల మీదుగా అమలాపురం దాకా నిర్వాహకులు ప్రకటించిన దూరం 60 కిలోమీటర్లు. నేను, మా బావమరిది, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న వాడి కూతురు, కారు వెనక మూడు సైకిళ్ళు కట్టుకుని శనివారం మధ్యాహ్నం విజయవాడ నుంచి బయలుదేరాం. దారిలో చెప్పుకోదగిందేమీ జరగలేదు. చెప్పుకోవలసినవన్నీ రాజమండ్రిలో లాడ్జి గుమ్మం ఎక్కిన దగ్గర్నుంచే మొదలయ్యాయి.

ఫోనులో ముగ్గురికి ఏసీ గది 1,800 అన్నారు, సైకిళ్ళు గదిలో పెట్టుకోవచ్చన్నారు. తీరా వెళ్ళాక కౌంటరు దగ్గర కూర్చున్నాయన టైల్స్ పాడవుతాయని సైకిళ్ళను పైకి రానివ్వలేదు. కింద సెల్లారులో పెట్టుకోవాలట, అందుకు సైకిలుకు 100 చొప్పున 300 అదనంగా ఇవ్వాలట. రసీదు అడిగితే సైకిళ్ళకు రసీదు ఉండదన్నారు. సరే, ఒక్క రాత్రే కదా అని ఇచ్చాం. తెల్లవారుజామున నాలుగున్నరకు కిందికి దిగేసరికి సెల్లారుకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న మనిషి ఎక్కడ పడుకున్నాడో కౌంటరులో కుర్రాడికి తెలియదు. వేణ్నీళ్ళు ఆరింటికి గానీ రావని గోడ మీద కాగితం అంటించి ఉంది. మా బావమరిది మెట్ల మీద కూర్చుని, ఊరంతా నిద్ర లేచేలా సైకిల్ బెల్లు మోగించినంత పని చేశాడు గానీ, ఆ బెల్లు కూడా తాళం వెనకే ఉండిపోయింది. ఐదుంబావుకు తాళం తీశారు. రాజమండ్రిలో బస చేయాలనుకునే సైకిలువాళ్ళకు నేను చెప్పేది ఒకటే: గదిలో సైకిలు పెట్టుకోనిస్తామన్న మాటను వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోనులో అన్నమాటకు పూచీ ఉండదు.

ఐదున్నరకు బయలుదేరతామన్న యాత్ర ఆరూ నలభైకి బయలుదేరింది. ఆలస్యానికి కారణం వేదిక మీది ఉపన్యాసాలు. అతిథులందరూ మాట్లాడాక, మైకు చేతికందిన నిర్వాహకుడు ఒకాయన గుంపులో సైకిలు ఎలా తొక్కాలో రెండంటే రెండు నిమిషాల్లో చెప్పాడు. ఇద్దరికి మించి పక్కపక్కన తొక్కవద్దు, ఎడమవైపే ఉండండి, దాటేటప్పుడు కుడివైపు నుంచి కేక వేసి దాటండి, ఆగాలంటే చెయ్యి కిందికి చాపి వెనకవాళ్ళకు చూపించి ఆగండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయండి. ఉదయం మొత్తంలో పనికొచ్చే మాటలు అవే. అప్పటికి నాలుగు వందల మందికి పైగా ఉన్న జనంలో సగం సెల్ఫీల్లోనూ, మిగతా సగం మూత్రశాలల వరసలోనూ ఉన్నారు. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ కలిపి రెండే సంచార మరుగుదొడ్లు పెట్టారన్నది మా మేనకోడలి ఫిర్యాదు, అది న్యాయమైన ఫిర్యాదే.

ధవళేశ్వరం బ్యారేజీ గురించి కొత్తగా చెప్పేదేముంది. 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట స్థానంలో వచ్చిన ఈ బ్యారేజీకి నాలుగు భాగాలు, 175 గేట్లు. మేము అందులో ధవళేశ్వరం, ర్యాలి భాగాలు దాటి బొబ్బర్లంక దగ్గర దిగాలి. పొగమంచులో ఎడమ పక్క నీళ్ళకూ కుడి పక్క నీళ్ళకూ మట్టంలో ఉన్న తేడా సైకిలు వేగంలో కనిపించినంత చక్కగా కారులోంచి ఎన్నడూ కనిపించలేదు. కానీ ఇరుకైన ఆ దారి మీద మనవాళ్ళు నలుగురేసి, ఐదుగురేసి అడ్డంగా పరుచుకుని, కబుర్లు చెప్పుకుంటూ తొక్కుతున్నారు. ఎదురుగా పాల క్యాన్లు కట్టుకుని వస్తున్న ఒక పెద్దాయన, పాత బరువు సైకిలు మీద, తన ఎడమ అంచున తాను వస్తుంటే, అరవై వేల సైకిలెక్కిన కుర్రాడు ఒకడు 'పక్కకి, పక్కకి' అని చేత్తో తోసినట్లు సైగ చేశాడు. ఆ పెద్దాయన రెయిలింగుకు ఆనుకుని ఆగిపోయాడు. తరవాత తిరిగి చూస్తే, మలుపు దగ్గర ఆయన చెయ్యి పూర్తిగా చాపి, ఒకసారి వెనక్కి చూసుకుని మరీ తిరిగాడు. మైకులో రెండు నిమిషాలు చెప్పిన మర్యాదలన్నీ ఆయనకు రోజువారీ అలవాటు.

ఇతరుల తప్పులు ఇంత వివరంగా రాసినవాణ్ణి నా తప్పు రాయకపోతే అన్యాయం. పిచ్చుకలంక దగ్గర మంచులోంచి సూర్యుడు పైకి రావడం చూసి, ఫొటో తీయాలనిపించి, చెయ్యి చాపకుండా, వెనక్కి చూడకుండా బ్రేకు వేశాను. ఎదురుగాలి తగలకుండా నా వెనకే వస్తున్న డిగ్రీ కుర్రాడి ముందు చక్రం అప్పటికే నా వెనక చక్రం పక్కకు వచ్చి ఉంది. చక్రాలు అలా పక్కపక్కన ఉన్నప్పుడు ముందువాడు కాస్త తూలినా ముందువాడికేమీ కాదు, వెనకవాడే పడతాడు. అతను పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది. చెప్పకుండా ఒకరి వెనక అంత దగ్గరగా తొక్కకూడదన్నది నిజమే గానీ, ఆ మాట అప్పుడు అనడానికి నాకు నోరు రాలేదు. మా బావమరిదికి మాత్రం వచ్చింది. వాడు 200 కిలోమీటర్ల బ్రెవె, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ సవారీ, పదమూడున్నర గంటల గడువులో పూర్తి చేసినవాడు, ఆ పతకాన్ని సంభాషణలో ఎక్కడో ఒకచోట తొడుక్కుంటాడు. 'బావా, నువ్వు ముందు ఫోను లోపల పెట్టు' అని ఆ కుర్రాడి ముందే నన్ను మందలించాడు. ఊరుకున్నాను.

ఆత్రేయపురం దగ్గర కాలువ గట్టున టిఫిను ఏర్పాటు చేశారు. ఈ యాత్రలో నాకు పూర్తి సంతృప్తి కలిగించింది ఇదే. పెనం మీంచి నేరుగా ఆకులోకి వేసిన పెసరట్టు, లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. ఇంటి దగ్గర రెండుతో ఆగేవాణ్ణి మూడు తిన్నాను. భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకులు ఎదుట దుకాణంలో బెల్లంవి పది 250 అన్నారు, కొన్నాం. తిరుగు ప్రయాణంలో కొనుక్కోవలసింది, సైకిలు మీద బ్యాగులో పూతరేకులు అమలాపురం చేరేసరికి పూతపొడి అయ్యాయి. అక్కడా వరసలో నిలబడకుండా సైకిలుతో సహా పెనం దాకా వచ్చి 'మాకు టైము అయిపోతోంది' అన్నవాళ్ళున్నారు. పందెం కాని యాత్రలో టైము ఏమిటో వడ్డించేవాళ్ళకు అర్థం కాలేదు. తిన్న ఆకులు బుట్టల్లో వేసినవాళ్ళు, నీళ్ళ సీసాలు మాత్రం కాలువలోకి విసిరారు. ఆ కాలువ నీళ్ళే కింద ఊళ్ళ మంచినీళ్ళ చెరువుల్లోకి పోతాయని వాలంటీరుగా ఉన్న అమ్మాయి ఒకతె అరిచి అరిచి అలిసిపోయింది.

(యాత్రను ఆదివారం పెట్టడం మాత్రం నిర్వాహకుల తెలివే. ఏడు శనివారాల మొక్కు తీర్చుకునే భక్తులతో శనివారం పూట ఈ దారిలోని వాడపల్లి వెంకన్న గుడి చుట్టుపక్కల రోడ్ల మీద సైకిలు కాదు కదా, మనిషి నడవడమే కష్టం.)

లొల్ల లాకులు, రావులపాలెం సాఫీగా గడిచాయి. జాతీయ రహదారి దాటేచోట పోలీసులు అరటిగెలల లారీలను ఆపి మరీ మమ్మల్ని పంపించారు.

కొత్తపేట దాటి పలివెల వైపు పోతుండగా, రోడ్డుకు ఎడమ సగం మీద ధాన్యం ఆరబోసి ఉంది. పొడవు రెండు వందల మీటర్ల పైమాటే. అంచున ఇటుక ముక్కలూ కొబ్బరి మట్టలూ హద్దుగా పేర్చారు. ఒక రైతు మహిళ చీర చెంగు నడుముకు దోపి, పాదాలు ఈడుస్తూ ధాన్యంలో అటూ ఇటూ నడుస్తోంది. అలా నడిస్తే చాళ్ళు పడి అడుగు గింజ పైకి వస్తుంది. రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం సరైనదా కాదా అన్నది వేరే చర్చ, రాత్రిపూట ఆ రాళ్ళకు తగిలి మోటారు సైకిళ్ళవాళ్ళు పడ్డ సంగతీ నాకు తెలుసు. కానీ అప్పుడు పట్టపగలు, దూరం నుంచే పసుపుగా కనిపిస్తోంది, మిగిలిన సగం రోడ్డు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తోంది. వేగం తగ్గించి, ట్రాక్టరు పోయేదాకా ఒక్క అర నిమిషం ఆగితే సరిపోయేది.

మా ముందు ఒకే రంగు జెర్సీలు తొడుక్కున్న బృందం, ఇరవై మంది దాకా, వేగం తగ్గించకుండా నేరుగా ధాన్యంలోకి పోనిచ్చింది. సన్న టైర్ల కింద వడ్లు గుండ్రాళ్ళలాగా జారతాయని వాళ్ళకు తెలియదు. మూడోవాడో నాలుగోవాడో జారి పడ్డాడు, వాడి మీద ఇంకొకడు. మిగిలినవాళ్ళు బ్రేకులు వేస్తూ, పక్కకు తిప్పుతూ ధాన్యాన్ని రోడ్డు మార్జిన్ మట్టిలోకి చిమ్మేశారు. ఆమె పరుగెత్తుకుని వచ్చి పడినవాణ్ణి లేపబోతే, వాడు చెయ్యి విదిలించుకుని 'రోడ్డేమన్నా మీ కళ్ళమా?' అని అరిచాడు. ఆమె జవాబు చెప్పలేదు. వాళ్ళు సైకిళ్ళు దులుపుకుని, క్షమించమన్న మాట లేకుండా వెళ్ళిపోయాక, మాతో అంది: 'దూరంనుంచే ఓ కేకేత్తే ఆ వారన పాయ తీసేదాన్ని కదండీ.'

మా మేనకోడలు సైకిలు కొబ్బరిచెట్టుకు ఆనించి, మట్టిలో పడిన గింజలు దోసిళ్ళతో ఏరడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. పైపై గింజలు తీయవచ్చు గానీ, మట్టి బెడ్డలతో కలిసినవి తీయలేం, వాటిని చెరిగించుకోవలసిందేనని ఆమె చెప్పింది. కోత మిషనుతో కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది, తేమ 17 శాతానికి దిగితే గానీ కొనరు, మూడు రోజులుగా ఎండబోస్తుంటే రాత్రి మంచుకు మళ్ళీ మెత్తబడుతోంది, పైగా డిసెంబరులో ఎప్పుడు తుపాను వస్తుందో తెలియదు. ఆరబోసింది నలభై బస్తాలట. బస్తా అంటే అక్కడ 75 కిలోలు. మా బావమరిది రోడ్డు మీదే నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ, సగటు వేగం పదిహేడుకు పడిపోయిందని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనబోయి, కూతురి ముఖం చూసి, దిగి వచ్చి కొబ్బరి మట్టలు సర్దాడు.

ఇంతకీ ఈ సైకిళ్ళెందుకని ఆమె అడిగింది. పిల్లల గుండె ఆపరేషన్లకు డబ్బు పోగు చేయడానికని అమ్మాయి చెప్పింది. ఆమె కాసేపు ఆలోచించి, 'ఆయ్, మంచి పనేనండి. మరి దానికి సైకిలు తొక్కడమెందుకండీ, ఆ డబ్బులేవో నేరుగా ఇచ్చేత్తే సరిపోద్ది కదండీ' అంది. కోనసీమ ఎటకారమో, నిజంగా అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. సమాధానం మా ముగ్గురిలో ఎవరి దగ్గరా లేదు. టీషర్టు, పెసరట్టు, పతకం, వేదిక, షామియానా ఖర్చులు పోగా మా 3,600లో ఆపరేషన్ల దాకా ఎంత చేరుతుందో నిర్వాహకుల కరపత్రంలో ఎక్కడా రాయలేదు. రాయాలని నా అభిప్రాయం.

అంబాజీపేట ముందు అమ్మాయి వెనక టైరు పంక్చరయింది. సైకిలును రోడ్డు మీంచి దించి చెట్టు కిందికి తీసుకుపోయి ట్యూబు మారుస్తుంటే, మమ్మల్ని దాటిన యాభై మందిలో 'ఏమన్నా కావాలా' అని అడిగినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకడు పొద్దున నా వల్ల పడిన కుర్రాడు. పంపు వాడిదే వాడుకున్నాం. మోచేతికి అప్పటికి ఎవరో కట్టు కట్టారు.

అమలాపురం భోజనం బాగుంది, గుత్తివంకాయ కూర మరీ బాగుంది, పతకం బరువుగా ఉంది. అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. తిరిగి రాజమండ్రికి మనుషులకు బస్సు, సైకిళ్ళకు లారీ అని ముందే మనిషికి 250 వసూలు చేశారు. లారీలో అట్టముక్క గానీ, గోనెపట్టా గానీ వేయకుండా, సైకిళ్ళను పచ్చిగడ్డి మోపుల్లా ఒకదాని మీద ఒకటి పడేశారు. తాళ్ళు అడిగితే తాళ్ళు లేవన్నారు. మా బావమరిది ప్రాణంలా చూసుకునే సైకిలు గేరు మార్చే భాగం వంగిపోయింది, విజయవాడలో బాగుచేయించడానికి 850 అయింది. దారంతా వాడు మాట్లాడలేదు. తణుకు దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు మాత్రం, ఆ లారీ ఎక్కించిన కుర్రాళ్ళ కన్నా ధాన్యం ఆరబోసినామె సైకిలును ఎక్కువ జాగ్రత్తగా పట్టుకుందని ఒప్పుకున్నాడు. పడినవాడి సైకిలును ఆమే పైకి లేపి స్టాండు కోసం వెతికింది, ఆ సైకిళ్ళకు స్టాండు ఉండదని ఆమెకు తెలియదు.

వచ్చే ఏడు కూడా ఇదే దారిలో పెడతారని విన్నాను. వెళ్ళేవాళ్ళు రెండు పాత దుప్పట్లూ నాలుగు గజాల తాడూ కారులో పడేసుకోండి, బెల్లు లేని సైకిలుకు 80 రూపాయలు పెట్టి బెల్లు బిగించుకోండి, పూతరేకులు వచ్చేటప్పుడే కొనుక్కోండి. మా మేనకోడలు ఈసారి తొక్కను, రోడ్డు పక్కన వాలంటీరుగా నిలబడతానంటోంది. ఎక్కడ నిలబడతావంటే, కొత్తపేట దాటాక, పలివెలకు ముందు అంది.