బాక్ టవర్‌కు వెళ్తే గంటల కచేరీ విననిదే వెనక్కి రావద్దు

ఫ్లోరిడాలో పిల్లల దగ్గరికి వెళ్లిన హనుమకొండ, కరీంనగర్ అమ్మానాన్నలను థీమ్ పార్కు క్యూలో ఎండబెట్టడం కన్నా లేక్ వేల్స్‌లోని బాక్ టవర్ గార్డెన్స్‌కు తీసుకెళ్లడం వెయ్యి రెట్లు నయం. ఓర్లాండో నుంచి కారులో గంటకు కాస్త పైన. చాలామంది పొద్దున పదింటికి వచ్చి, పూలు చూసి, టవర్ ముందు ఫొటో దిగి, పన్నెండింటికల్లా కారెక్కేస్తారు. టవర్‌లోని కంచు గంటలతో వాయించే కచేరీ ఉండేదేమో ఒంటిగంటకు, మళ్లీ మూడింటికి. అది వినకపోతే టికెట్ డబ్బులు దండగే. ప్యాకేజీవాళ్లు దీన్ని గంటసేపు ఆగే చోటుగా కలిపితే అస్సలు ఒప్పుకోవద్దు. కొన్ని రోజులు రికార్డింగే వేస్తారు, కాబట్టి చేత్తో వాయించే రోజేదో తోట వెబ్‌సైట్‌లో చూసుకునే బయల్దేరండి.

205 అడుగుల టవర్ పైభాగంలో 60 కంచు గంటలున్నాయి. చిన్నది ఏడు కిలోలు, పెద్దది పది టన్నుల పైమాటే. ఇవి ఊగవు, బిగించి ఉంటాయి. తీగ లాగితే లోపలి నాలుక మాత్రమే కదిలి కొడుతుంది. వాయించేవారు చెక్క పిడులను పిడికిలితో గుద్దుతూ, పెద్ద గంటలకు కాలితో పెడళ్లు తొక్కుతారు. మోగిన గంటను ఆపే ఏర్పాటు లేదు, ఒక స్వరం తగ్గకముందే దాని మీద ఇంకోటి పరుచుకుంటుంది. అందుకే వేగం పాటలు అలుక్కుపోతాయి, విలంబంలో సాగేవే మనసుకు పడతాయి. ప్రతి గంట మోతలోనూ సాధారణ గాంధారమనే స్వరం దానంతటదే పలుకుతుంది. ఆ దిగులు ఛాయ అందువల్లే. రామప్పలో శిల్పాన్ని వేలితో తట్టి చెవి ఆనించి విన్నవాళ్లకు, ఇక్కడ తోటంతా మోగుతుంటే ఒళ్లు పులకరిస్తుంది.

టవర్ మొదట్లో కూర్చోవద్దు. గంటలు మరీ నెత్తిమీద ఉండటంతో స్వరాలు కలవవు. కనీసం టవర్ ఎత్తంత దూరం జరిగి ఓక్ చెట్ల నీడన కూర్చోండి.

టవర్ లోపలికి మామూలు టికెట్‌తో పంపరు. దానికి బాధపడక ఉత్తరం వైపు ఇత్తడి తలుపు దగ్గర నిలబడండి. బైబిల్ సృష్టి కథ పలకలు పలకలుగా చెక్కి ఉంటుంది. తోట కట్టించిన ఎడ్వర్డ్ బాక్ సమాధి కూడా అక్కడే. 1929 ఫిబ్రవరి 1న అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ ఈ తోటను, టవర్‌ను ప్రారంభించాడు, మరుసటి జనవరిలోనే బాక్ పోయాడు.

ఇది ఒకప్పుడు ఒట్టి ఇసుక గుట్ట. నీటి పైపులు వేసి, వేల ట్రక్కుల మట్టి పోయించి తోటల రూపశిల్పి ఓల్మ్‌స్టెడ్ జూనియర్ ఈ పచ్చదనం తెచ్చాడు. గుట్ట ఎత్తు సముద్రమట్టం నుంచి 298 అడుగులే, వాలు మెల్లగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నా నెమ్మదిగా ఎక్కొచ్చు.

అజేలియా పూల కోసం ఫిబ్రవరి, మార్చి మంచివి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం పూట ఉరుములతో వాన పడుతుంది, మూడింటి కచేరీని నమ్ముకోవద్దు. పులిహోర, సకినాలు కారులో పెట్టుకుని లోపలికి వెళ్లేముందే తినేయండి. పన్నెండున్నరకల్లా నీడ చూసుకోండి, నాన్నకు మడత కుర్చీ ఒకటి మరిచిపోవద్దు.