సగం నొక్కులోనే ఉంది సంగతి: ఒక కాంపాక్ట్ ఆటోఫోకస్ ఫిల్మ్ కెమెరాతో పద్నాలుగేళ్లు

నా చేతికి వచ్చి పద్నాలుగేళ్లయిన ఈ కెమెరా 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ వాడే కాంపాక్ట్ ఆటోఫోకస్ రకానికి చెందినది. జూమ్ లేని 35 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు (ఎఫ్ పక్క అంకె చిన్నదైనకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు ఎక్కువ), దానంతటదే వెలిగే ఫ్లాష్, ఫిల్మును తిప్పే మోటారు, అన్నీ కలిసి కోటు జేబులో ఇమిడిపోతాయి. నేను కొనేనాటికే అది మరొకరి చేతిలో బాగా వాడబడి ఉంది. ఇప్పుడు ఈ రకం కెమెరా కొనదలచినవారిలో చాలామంది అటువంటి పాతదానినే వెతుక్కోవలసి వస్తుంది కాబట్టి, పైన రాసి ఉన్న పేరు కంటే లోపల జరిగే పని తెలియడమే ఎక్కువ ఉపయోగపడుతుందని నమ్మి, మోడల్ పేరు ప్రస్తావించకుండానే ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట చెప్పవలసినది ఫోకస్ గురించే. పెద్దసంఖ్యలో తయారై మార్కెట్లోకి వచ్చిన తొలి ఆటోఫోకస్ కెమెరా 1977 నాటి కోనికా సీ35 ఏఎఫ్. అది రెండు చిన్న కిటికీల గుండా వచ్చిన దృశ్యాలను పోల్చి దూరం తేల్చేది. 1979లో వచ్చిన కానన్ ఏఎఫ్35ఎం మరో దారి పట్టింది: ఒక కిటికీ నుంచి పరారుణ కిరణాన్ని వదిలి, వస్తువును తాకి తిరిగి వచ్చిన కిరణం ఏ కోణంలో వచ్చిందో రెండో కిటికీ వెనుక కొలిచి, దానినిబట్టి లెన్సును జరపడం. నా కెమెరా ఈ రెండో పద్ధతిది. కిరణం తనదే కనుక చీకటిగదిలోనూ తడబడదు. అయితే ఆ కిరణం వ్యూఫైండర్ (కన్ను పెట్టి దృశ్యం చూసే గాజు) నడుమ గీసిన చిన్న చట్రంలోంచే వెళుతుందన్న విషయం నాకు మొదటి రోలు కడిగించాకగానీ బోధపడలేదు.

ఆ రోలులో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు అక్కచెల్లెళ్ల ఫొటో ఒకటి ఉంది. నడుమ చట్రం సరిగ్గా ఇద్దరి భుజాల మధ్య సందులో పడింది. ప్రింటులో వెనుక గోడ మీది ఇటుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి, ముఖాలు మాత్రం మసకబారాయి. తప్పు యంత్రానిది కాదు, దానికి గోడనే చూపించాను. దీనికి మందు షట్టర్ బటన్‌ను సగం వరకే నొక్కడం. ఒకరి ముఖం మీద చట్రాన్ని నిలిపి, వేలి కింద ఆ చిన్న ఆనిక తగిలేవరకు నొక్కితే కంటి పక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. వేలు ఎత్తకుండా కెమెరాను జరిపి, కావలసిన కూర్పు కుదిరాక పూర్తిగా నొక్కాలి. ఈ అలవాటు వేలికి పట్టిన తరువాత నా రోళ్లలో మసక ఫొటోలు దాదాపు మాయమయ్యాయి. కొత్తవారికి ఈ ఒక్కటి నేర్పితే మిగిలినవన్నీ వారే నేర్చుకుంటారని నా గట్టి నమ్మకం.

సగం నొక్కు కూడా ఆదుకోని సందర్భాలు రెండున్నాయి. కిటికీ అద్దం వెనుకనుంచి తీసేటప్పుడు కిరణం అద్దాన్నే తాకి వెనుదిరగవచ్చు, అప్పుడు దూరపు దృశ్యం మసకవుతుంది. ఫోకస్‌ను బాగా దూరానికి నిలిపే అనంతదూరపు బటన్ ఉన్న కెమెరా అయితే దానిని నొక్కి తీయడమే మార్గం. ఇక నల్లటి బట్టలు, నల్లటి జుట్టు కిరణాన్ని పీల్చుకుంటాయి. తిరిగి వచ్చే వెలుగు చాలకపోతే కెమెరా ఆ మనిషి ఎంతో దూరంలో ఉన్నట్టు భావిస్తుంది. అటువంటప్పుడు చట్రాన్ని జుట్టు మీద కాక చెంప మీద నిలపాలి.

వ్యూఫైండర్ లెన్సుకు కాస్త పైన, పక్కగా ఉంటుంది. కాబట్టి దగ్గరి ఫొటోల్లో మనం చూసేది, ఫిల్ముకు ఎక్కేది ఒకటి కావు. దగ్గరి ఫొటోల హద్దును చూపే లోపలి గీతలను పట్టించుకోకపోతే నుదురు తెగిపోతుంది.

వెలుతురు లెక్క పూర్తిగా కెమెరాదే. ఎపర్చరును (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం పరిమాణాన్ని), షట్టర్ వేగాన్ని మనం ఎంచుకునే వీలు లేదు. ఫిల్మ్ వేగాన్ని, అంటే అది వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే ఐఎస్ఓ అంకెను, డబ్బా మీద ఉన్న నలుపు, వెండి గళ్ల ద్వారా తెలుసుకుంటుంది. 1983లో కోడాక్ ప్రవేశపెట్టిన ఈ డీఎక్స్ గుర్తులు లేని డబ్బా వేస్తే నా కెమెరా ఐఎస్ఓ 100 అనే అనుకుంటుంది. కలర్ నెగెటివ్ కొంత ఎక్కువ వెలుతురును సహిస్తుందిగానీ తక్కువ వెలుతురును సహించదు, నీడలు బురదరంగుకు తిరుగుతాయి. అందువల్ల నేను ఎక్కువగా ఐఎస్ఓ 400 ఫిల్మే వాడతాను. ఐఎస్ఓ 100తో నాలుగు మీటర్లు చేరే ఫ్లాష్ దీనితో ఎనిమిది మీటర్లు చేరడం మరో లాభం.

ఫ్లాష్ విషయంలోనే నాకు అసలైన ఫిర్యాదు ఉంది. కెమెరా తెరచిన ప్రతిసారీ అది ఆటో స్థితికే వస్తుంది. కిటికీ పక్క మెత్తటి వెలుతురులో కూర్చున్న మనిషిని తీయబోయి, బటన్ రెండుసార్లు నొక్కి ఫ్లాష్ ఆపడం మరచి పాడుచేసుకున్న ఫొటోలు ఇన్నేళ్లలో ఎన్నో. పైగా ఫ్లాష్ లెన్సుకు అతి దగ్గరగా ఉండడంతో మసక వెలుతురులో కళ్లు ఎర్రబడతాయి. అయినా నడినెత్తి ఎండలో దానిని కావాలని వెలిగిస్తే కనుగుంతల్లోని నీడలు చక్కగా తేలికపడతాయి. షట్టర్ లెన్సులోనే ఉన్నందున ఎక్కువ వేగాల్లోనూ ఇది కుదురుతుంది.

కాలం గడిచినకొద్దీ బయటపడిన లోపం వెనుక తలుపు అంచున, వెలుతురు చొరబడకుండా ఉండే నల్లటి నురుగు పట్టీ. ఒక రోలులో వరుసగా ఫొటోల అంచున నారింజరంగు చారలు కనిపించాయి. తలుపు తెరచి తాకితే ఆ పట్టీ తారులా వేలికి అంటుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో గాడిని శుభ్రంచేసి కొత్త పట్టీ అతికించాక చారలు పోయాయి. ఎలక్ట్రానిక్ భాగాలు పాడైతే మాత్రం ఇంత సులువు కాదు, బాగుచేసేవారు అరుదు. మూడు వోల్టుల సీఆర్123ఏ బ్యాటరీ లేకుంటే ఒక్క ఫొటో కూడా తీయలేం కనుక సంచిలో ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంచుతాను.

జూమ్ ఉన్నది కొనమంటారా అని అడిగేవారికి నేను వద్దనే చెబుతాను. 115 మి.మీ. దాకా సాగే చిన్న జూముల్లో ఆ చివరకు చేరేసరికి ఎపర్చరు ఎఫ్/10 చుట్టుపక్కలకు పడిపోతుంది. అంటే ఎఫ్/2.8తో పోలిస్తే పదోవంతు వెలుతురు కూడా ఫిల్మును చేరదు, ఎండ తగ్గగానే చేతి వణుకు ఫొటోలో కనబడుతుంది. నేపథ్యాన్ని కావలసినంత మసకచేసుకోవాలనేవారికి మాత్రం ఈ రకం కెమెరాయే సరిపడదు, వారు లెన్సు గుండానే చూస్తూ ఎపర్చరును తామే ఎంచుకోగల ఎస్ఎల్ఆర్ కెమెరా తీసుకోవాలి.

కొన్నవారు మొదటి రోలును పరీక్షకే కేటాయించండి. ఒకే మనిషిని ఒక మీటరు, రెండు మీటర్లు, నాలుగు మీటర్ల దూరంలో, ఆపైన దూరపు చెట్ల వరుసను, ఒకసారి ఫ్లాష్‌తో, ఒకసారి లేకుండా తీసి, ప్రతి ఫొటో సంఖ్య పక్కన దూరం రాసుకోండి. ప్రింట్లు వచ్చాక ఆ కాగితం పక్కన పెట్టుకుని చూస్తే, మీ కెమెరా ఏ దూరంలో మాట నిలబెట్టుకుంటుందో, ఎక్కడ తడబడుతుందో స్పష్టంగా తెలిసిపోతుంది.