చక్కెర తీసేసిన చోట ఏం కూర్చుంది? స్వీట్‌నర్లలో ఏది మేలు

"సుక్రలోజ్ మంచిదా, స్టీవియా మంచిదా?" నన్ను ఈ ప్రశ్న అడగని నెల ఉండదు. ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కు ముందు దశ, అని రిపోర్టు వచ్చిన రోజు నేనూ ఇక్కడే మొదలుపెట్టాను. చక్కెరకు బదులు తీపి ఇచ్చే ఈ స్వీట్‌నర్ల పేర్లన్నీ వరుసగా రాసుకుని, ఏది ఎన్ని రెట్లు తీపి, దేని మీద ఏ అనుమానం ఉంది అని చదువుతూ పోయాను. కొన్నాళ్లకు ఒక సంగతి తెలిసింది. నేను చూడాల్సింది స్వీట్‌నర్ పేరు ఒక్కటే కాదు, దాని పక్కన ఉన్నదాన్ని కూడా.

సుక్రలోజ్ చక్కెర కంటే దాదాపు 600 రెట్లు తీపి. అంటే ఒక చెంచా చక్కెర, సుమారు 4 గ్రాములు, ఇచ్చే తీపికి 7 మిల్లీగ్రాముల సుక్రలోజ్ చాలు. అంత కొంచెం చెంచాతో తీయలేం, కంటికి కూడా సరిగ్గా ఆనదు. మరి ఆ మిగతా చోటంతా ఖాళీగా ఉండదు కదా. చక్కెర తీపితోపాటు బరువూ ఇస్తుంది, మెత్తదనం ఇస్తుంది, కాలినప్పుడు రంగు ఇస్తుంది. దాన్ని తీసేస్తే ఆ చోటులోకి ఇంకేదో రావాలి. నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఆ వచ్చినదే.

పానీయాల దగ్గర ఇది తేలిక. అక్కడ చక్కెర పోయిన చోట నీళ్లు వస్తాయి. 330 మిల్లీలీటర్ల మామూలు కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. డైట్ కోలాలో అదంతా పోయి కొన్ని వందల మిల్లీగ్రాముల స్వీట్‌నర్ మిగులుతుంది. రోజూ చక్కెర డ్రింక్ తాగే మనిషి డైట్ డ్రింక్‌కు మారితే రక్తంలో గ్లూకోజ్ విషయంలో కచ్చితంగా లాభమే. ఈ మాట చెప్పడానికి నాకు వెనకాడే పని లేదు.

ఇక్కడ అందరికీ ఉన్న టెన్షన్ డైట్ డ్రింకుల్లో వాడే ఆస్పర్టేమ్ అనే స్వీట్‌నర్ గురించి. 2023 జూలైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే 2బి వర్గంలో పెట్టింది. కలబంద మొత్తం ఆకు నుంచి తీసిన సారం కూడా అదే వర్గంలో ఉంది. ఆధారాలు ఎంత గట్టివో చెప్పే వర్గం అది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పేది కాదు. అదే సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని అలాగే ఉంచింది. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకు 9 నుంచి 14 క్యాన్లు తాగాలి. అందుకే ఆస్పర్టేమ్ చూసి నేను భయపడను. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లకూడదు. వేడికి దాని తీపి పోతుంది కాబట్టి వంటకు పనికిరాదు. ఎసిసల్ఫేమ్ పొటాషియం అనే ఇంకో స్వీట్‌నర్‌ను ఎక్కువగా దీనికి జోడీగానే కలుపుతారు, విడిగా ఎంచుకునే అవసరం మనకు రాదు.

సుక్రలోజ్, స్టీవియాల మధ్య అయితే నేను కొంచెం స్టీవియా వైపే. 2022లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 120 మంది ఆరోగ్యవంతులతో రెండు వారాల ప్రయోగం చేశారు. సాక్రిన్, సుక్రలోజ్ తీసుకున్న గుంపుల్లో గ్లూకోజ్‌ను శరీరం సంబాళించుకునే తీరు కొంత దెబ్బతింది. ఆస్పర్టేమ్, స్టీవియా గుంపుల్లో అలాంటి తేడా కనబడలేదు. ప్రభావం మనిషి మనిషికీ మారింది కూడా. ఒక్క ప్రయోగంతో తీర్పు చెప్పేయలేం. కానీ ఆ ప్రయోగంలో నన్ను ఆపేసిన వివరం వేరే ఉంది. వాళ్లిచ్చిన సాచెట్లలో నింపడానికి గ్లూకోజ్ వాడారు. అందుకే గ్లూకోజ్ ఒక్కటే ఇచ్చిన గుంపును కూడా విడిగా పెట్టుకోవాల్సి వచ్చింది. పక్కన కలిసేదాన్ని పరిశోధకులే అంత పట్టించుకుంటే, ప్యాకెట్ కొనే మనం ఎంత పట్టించుకోవాలి?

ఈసారి ఇంట్లో ఉన్న డబ్బా వెనక్కి తిప్పి చూడండి. ముందు పెద్ద అక్షరాల్లో స్టీవియా, పచ్చటి ఆకు బొమ్మ. వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు చాలాసార్లు ఎరిత్రిటాల్ అనే షుగర్ ఆల్కహాల్ (చక్కెరలాంటి తీపి పొడి, మత్తిచ్చే ఆల్కహాల్ కాదు), లేదంటే పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్. జాబితా బరువు క్రమంలో ఉంటుంది కాబట్టి మీరు డబ్బులిచ్చి కొన్నది ఎక్కువగా ఆ మొదటి పదార్థమే. మాల్టోడెక్స్‌ట్రిన్ రక్తంలో గ్లూకోజ్‌ను చక్కెర కంటే కూడా వేగంగా పెంచగలదు. ఒక గ్రాము సాచెట్‌లో అది లెక్కలోకి రాదు. కానీ చక్కెరకు బదులు కప్పుకు కప్పు కొలిచి వాడే పొడితో కేక్ చేస్తే లెక్కలోకి వస్తుంది. అందుకే కాఫీకి నేను స్టీవియా డ్రాప్స్ వాడతాను. అందులో ఎక్కువ భాగం నీళ్లే. చిన్న టాబ్లెట్లు కూడా పర్వాలేదు. స్టీవియా మొదట్లో నాలుక మీద అతిమధురం వేరు నమిలినట్టుండే చేదు వదులుతుంది. స్టీవియా ఆకులోని తీపి పదార్థాల్లో ఒకటైన రెబాడియోసైడ్ ఎమ్ రకంలో అది బాగా తక్కువ, దొరికితే అదే తీసుకోండి. 'ఆకు నుంచి వచ్చింది కాబట్టి సహజం' అన్న మాటకు మాత్రం నేను విలువ ఇవ్వను. మనం వాడేది శుద్ధి చేసి తీసిన తెల్ల పొడి. అమెరికాలో అనుమతి కూడా ఆ శుద్ధి చేసినదానికే, పచ్చి ఆకుకు కాదు.

అసలు మోసపోయేది బిస్కెట్లు, చాక్లెట్ల దగ్గర. నేను మోసపోయాను. ప్రీడయాబెటిస్ తెలిసిన కొత్తలో 'చక్కెర కలపలేదు' అని రాసి ఉన్న చాక్లెట్ కొని, భయం లేకుండా సగం బార్ తినేశాను. గంట తర్వాత గ్లూకోమీటర్‌లో అంకె పైకి పోయింది. ఆ రాత్రంతా కడుపు ఉబ్బరం, గడబిడ. తెల్లారాక కవర్ తిరగేస్తే కనబడిన పేరు మాల్టిటాల్, ఇదీ ఒక షుగర్ ఆల్కహాలే. చక్కెరలో ఉండే కేలరీల్లో సగానికి పైగా దీనిలోనూ ఉంటాయి. చక్కెర గ్లైసీమిక్ ఇండెక్స్ (రక్తంలో గ్లూకోజ్‌ను ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె) 65 అయితే దీనిది దాదాపు 35, సిరప్ రూపంలో ఇంకా ఎక్కువ. పేగులో పూర్తిగా పీల్చబడదు, మిగిలింది పెద్దపేగులో పులుస్తుంది. ఇలాంటి షుగర్ ఆల్కహాల్స్ 10 శాతం దాటి కలిపితే, ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చని లేబుల్ మీద రాయాలని ఐరోపా సంఘం నిబంధన ఉంది. డయాబెటిస్ ఉన్నవాళ్లకు ప్రేమతో ఇలాంటి పెట్టెలు కానుకగా తెచ్చేవాళ్లు ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి. పైగా చక్కెర లేని బిస్కెట్‌లో మైదా, కొవ్వు ఎక్కడికీ పోవు.

ఇంట్లో కాల్చి చేసుకునేవాటికి నా దృష్టిలో రెండే ఉన్నాయి. ఎరిత్రిటాల్‌కు చక్కెర తీపిలో 70 శాతం ఉంటుంది, గ్లూకోజ్‌ను పెంచదు, చాలావరకు మూత్రంలో బయటికి పోతుంది కాబట్టి కడుపును అంతగా ఇబ్బంది పెట్టదు. నోట్లో చల్లగా తగులుతుంది, చల్లారాక గరుకుగా గడ్డకడుతుంది. 2023లో వచ్చిన ఒక అధ్యయనం మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువ ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనబడ్డాయి. శరీరం కూడా దాన్ని సొంతంగా తయారు చేసుకుంటుంది, కాబట్టి తిన్నదే కారణమని అనలేం. అయితే 30 గ్రాములు తాగిన ఆరోగ్యవంతుల రక్తంలోనూ దాని స్థాయి రెండు రోజులకు పైగా ఎక్కువగానే ఉంది. ఇంట్లో గుండెజబ్బు ఉన్నవాళ్లకు నేను దాన్ని రోజువారీగా పెట్టను. రెండోది అల్యులోజ్, ప్రకృతిలో అరుదుగా దొరికే ఒక రకం చక్కెర. తీపి ఎరిత్రిటాల్ అంతే, గ్రాముకు 0.4 కేలరీలు, చక్కెరలాగే ఎర్రగా కాలుతుంది, గడ్డకట్టదు. అన్ని దేశాల్లో అనుమతి లేదు. దొరికే చోట ఉంటే మాత్రం నా ఓటు దానికే. సుక్రలోజ్‌తో కాల్చడం నేను మానేశాను. 120 డిగ్రీలు దాటితే హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలు ఏర్పడవచ్చని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ 2019లో హెచ్చరించింది.

మిగతావి త్వరగా. సాక్రిన్ 1879 నాటిది, ఎలుకల్లో కనబడిన మూత్రాశయ క్యాన్సర్ మనుషులకు వర్తించదని తేలింది, కానీ ఆ లోహపు రుచి నాకు పడదు. మాంక్ ఫ్రూట్ అనే పండు నుంచి తీసే స్వీట్‌నర్ బాగుంటుంది, అదీ ఎక్కువగా ఎరిత్రిటాల్‌తో కలిసే వస్తుంది. జైలిటాల్ అనే ఇంకో షుగర్ ఆల్కహాల్ చూయింగ్ గమ్‌లో పళ్లకు మంచిదే, కుక్క ఉన్న ఇంట్లో మాత్రం అస్సలు వద్దు, కొంచెం తిన్నా దాని ప్రాణానికే ముప్పు. తేనె ప్రత్యామ్నాయం కాదు, అందులో దాదాపు 80 శాతం చక్కెరలే.

బరువు తగ్గడానికే అడిగేవాళ్లకు నా జవాబు వేరు. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు అదుపు కోసం ఈ స్వీట్‌నర్లు వాడవద్దని సూచించింది. దీర్ఘకాలంలో కొవ్వు తగ్గినట్టు ఆధారం లేదంది. ఆ సూచన ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్లకు వర్తించదు, ఎరిత్రిటాల్ లాంటి షుగర్ ఆల్కహాల్స్‌కూ వర్తించదు. నా కాఫీలో మొదట నాలుగు చుక్కల స్టీవియా ఉండేది. నెలకో చుక్క తగ్గించాను. ఇప్పుడు ఒక్క చుక్క, కొన్ని రోజులు అదీ వేయడం మరిచిపోతాను.