మూడు కేబుళ్లు మింగిన మీటర్

నా బండి టాటా 407, 2004 మోడల్. సీజన్‌లో అనంతపురం మార్కెట్ నుంచి బెంగళూరుకు చీనీకాయలు తోలుతా, మిగతా రోజుల్లో ఏ లోడు దొరికితే అది. ఈ రివ్యూ గుత్తి రోడ్డు పక్క సందులో బండ్ల స్పీడు మీటర్లు బాగుచేసే చాచా కొట్టు గురించి. కొట్టంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక షట్టరు, ఒక బల్ల, గోడ నిండా మేకులకు వేలాడే పాత మీటర్లు. బోర్డు ఎండకు వెలిసిపోయి ‘మీటర్’ అనే మాట తప్ప ఏమీ కనపడదు.

నాకు వచ్చిన తిప్పలు ఇవి. మొదట ముల్లు ఊగింది. బండి 40లో పోతుంటే అది 20కీ 60కీ మధ్య తూగుతుంది, డ్యాష్‌బోర్డు వెనక కిర్రుకిర్రుమని చప్పుడు. వారం తర్వాత పెనుకొండ దాటినాక టక్కుమని సున్నాకు పడిపోయింది. కిలోమీటర్ల అంకెలు కూడా ఆగిపోయాయి. ఇన్నేళ్ళు తోలినవాడికి ఇంజిన్ చప్పుడు వింటే స్పీడు తెలుస్తుంది, దానికి బాధ లేదు. నా బాధ డీజిల్ లెక్క. ట్యాంకు నింపిన ప్రతిసారీ కిలోమీటర్లు చీటీలో రాసుకునే అలవాటు నాది, అది పోయింది. పైగా 8 ఏళ్ళు దాటిన బండి కాబట్టి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. మీటర్ చచ్చిన బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలంటే టెన్షనే.

ఊళ్ళోనే ఇంకో షెడ్డుకు పోతే గేర్‌బాక్స్ నుంచి మీటర్‌ను తిప్పే కేబుల్ తెగిందన్నారు, కొత్తది వేశారు. 22 రోజులు వచ్చింది. మళ్ళీ వేశారు, 15 రోజులు. మూడోది 9 రోజులకే పోయింది. ఒక్కోసారి కేబులుకు 450, కూలి 200. నాలుగోసారి పోతే ‘మీటరే మార్చేద్దాం అన్నా’ అన్నారు. మూడుసార్లు ఎందుకు తెగిందో ఒక్కరూ చూడలేదు. అదీ నాకు మండింది.

మా చిన్నాన్న కొడుకు చెబితే చాచా దగ్గరికి పోయినా. ఆయన బండి చుట్టూ తిరగలేదు, పానా పట్టుకోలేదు. ముందు అడిగింది ఇది: ‘ఏమప్పా, ముల్లు ఒకటే పడిందా, కిలోమీటర్లు కూడా ఆగినాయా?’ రెండూ అన్నా. ‘అట్లయితే మీటర్ కింద నుంచి చూద్దాం’ అన్నాడు. తర్వాత నిదానంగా చెప్పినాడు. మీటర్ లోపల కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాన్ని తగలకుండానే చుట్టూ అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది, ముల్లు దానికే బిగించి ఉంటుంది. అయస్కాంతం ఎంత వేగంగా తిరిగితే గిన్నెను అంత లాగుతుంది, సన్నని స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది. కిలోమీటర్ల చక్రాలకు మాత్రం నేరుగా పళ్ళ చక్రాలే. కాబట్టి కిలోమీటర్లు తిరుగుతూ ముల్లు ఒకటే పడిపోతే రోగం మీటర్‌లో. రెండూ ఆగితే ముందు కేబులు, గేర్‌బాక్స్ దగ్గర దాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం (పినియన్) చూడాలి.

మీటర్ వెనక కేబుల్ విప్పి, లోపలి తీగను లాగి బల్ల మీద పేపర్ పరిచి పెట్టినాడు. పై కొన నుంచి జానెడు దూరంలో తెగి ఉంది. తెగిన చోట పురి విడిపోయి, పిండిన గుడ్డలాగా మెలితిరిగి ఉంది. దాన్ని నా చేతికిచ్చి, ‘ఇది అరిగి తెగింది కాదప్పా. కింద నుంచి గేర్‌బాక్స్ తిప్పుతాంది, పైన ఎవరో గట్టిగా పట్టుకున్నారు’ అన్నాడు. మీటర్ విప్పి వెనక రంధ్రంలో సన్నని చతురస్రపు కడ్డీ పెట్టి నన్నే తిప్పమన్నాడు. తిరగదు. కాస్త బలంగా తిప్పితే కిర్రుమంటూ కదిలి మళ్ళీ పట్టేసింది. నెలన్నర నుంచి నేను వింటున్న చప్పుడు అదే. లోపల ఇరుసు తిరిగే గొట్టం, అంటే బుష్, ఎండిపోయి, దుమ్ముతో బిగుసుకుపోయింది. మూడు కేబుళ్లను మింగింది అది.

విప్పి, తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసినాడు. నేను ‘ఇంకొంచెం వెయ్ చాచా’ అంటే కసిరినాడు. నూనె ఎక్కువైతే గిన్నె దాకా పాకి ముల్లు బరువెక్కుతుందంట. కొత్త కేబులుకు గ్రీజు పూసేటప్పుడూ పై నాలుగు వేళ్ళ మేర పొడిగా వదిలేసినాడు. ఇంకో సంగతి కూడా దొరికింది. క్లచ్ పని చేయించినప్పుడు ఎవరో క్లిప్పు పెట్టడం మరిచిపోయారు, కేబులు గేర్‌బాక్స్ పైన మోచేయి మడిచినట్టు వంగి ఉంది. దాన్ని వెడల్పాటి వంపుతో తిప్పి కట్టినాడు.

నేనుండగానే కొత్త రకం బండి ఒకటి వచ్చింది. వాటికి కేబులు ఉండదు, గేర్‌బాక్స్ దగ్గర సెన్సార్, దానికి మూడు వైర్లు. చాచా మల్టీమీటర్ పెట్టి కరెంటు వస్తాందా, ఎర్త్ ఉందా చూసి, కనెక్టర్ ఊడదీసినాడు. పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. గీకి పెట్టినాక ముల్లు లేచింది. 100 తీసుకున్నాడు. ఇంకొకాయన వచ్చి కిలోమీటర్లు తగ్గించమని చెవిలో గొణిగితే మాత్రం ‘యాడన్నా చూసుకోపో’ అని తలెత్తకుండా చెప్పినాడు.

నాకు కేబుల్, పని, మీటర్ సర్వీసు అన్నీ కలిపి 900 అయింది. కొత్త మీటర్ అమ్మాలని ఒక్కసారి కూడా చూడలేదు. మరుసటి రోజు హైవేలో క్లీనర్ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు, నేను ముల్లు 60 మీద నిలిపినా. సరిగ్గా 60 అయితే కిలోమీటరు రాయికీ రాయికీ మధ్య 60 సెకన్లు పట్టాలి. 63 పట్టింది, అంటే అసలు స్పీడు 57. చాచాకు చెబితే ‘వెనక టైర్లు అరిగినాయి కదప్పా, అరిగిన టైరు ఎక్కువసార్లు తిరుగుతుంది’ అన్నాడు. నిజమే, ఆ టైర్లు మార్చాలి. ఇది రాసేసరికి నాలుగు నెలలు, కేబుల్ చెక్కు చెదరలేదు.

స్టార్లు ఐదుకు నాలుగు ఇస్తా. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఆయన నిదానం మామూలుది కాదు. పొద్దున 10కి పోయినవాణ్ణి సాయంత్రం 5కి బయటపడ్డా, ఒక కిరాయి పోయింది. బిల్లు ఇవ్వడు. కూర్చోడానికి ఒకటే స్టూలు, దాని మీద ఎప్పుడూ ఒక మీటర్ విప్పి ఉంటుంది. ఫోన్ పే లేదు, చిల్లర తీసుకుపోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసి 3 దాటినాక తెరుస్తాడు. 407 కంటే పెద్ద బండ్లు సందులోకి తిరగవు, గుత్తి రోడ్డు మీదే ఆపి నడిచి పోవాలి.