చిల్లచెట్టు మోడుకు గడ్డపారా, మందా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెరళ్లలో ఎవరూ నాటకుండా లేచే చెట్లు ముఖ్యంగా మూడు: చిల్లచెట్టు (సర్కారు తుమ్మ), సుబాబుల్, వేప. వీటిని వదిలించుకోవడానికి చాలామంది చేసేది కత్తితో నరికేయడం. నా దృష్టిలో అన్నిటికంటే నాసి పద్ధతి అదే. ఒక కాండం తీస్తే మోడు చుట్టూ గుంపుగా పిలకలు వస్తాయి. ప్రకాశం జిల్లాలో కాగితం మిల్లుల కోసం సుబాబుల్ వేసే రైతులకు కావలసిందీ ఈ గుణమే: కొట్టిన మోడు చిగిర్చి మళ్లీ నరుకుడుకు వస్తుంది. పొలంలో అది రాబడి, పెరట్లో మాత్రం పీడ.

కాబట్టి అసలు పోటీ గడ్డపారకూ కలుపు మందుకూ మధ్యనే. ముందుగా చెట్టు మొదలు దగ్గర మట్టి కాస్త తీసి చూడండి. గింజ నుంచి వచ్చిన మొలకకు తల్లివేరు నిలువుగా దిగి ఉంటుంది. వేరు పిలక అయితే అడ్డంగా పోయే లావు వేరును పట్టుకుని ఉంటుంది. గింజ మొలకకు గడ్డపారా అక్కర్లేదు, మందూ అక్కర్లేదు. కార్తీక మాసపు వానలకు నేల నానినప్పుడు, జానెడు ఎత్తులోపే పట్టుకుని లాగితే వేరుతో సహా వస్తుంది. ఎండాకాలంలో లాగితే మెడ దగ్గర తెగి, కింది భాగం మళ్లీ చిగురిస్తుంది.

వేప పిలకకు మాత్రం మందు వద్దు. ఆకుల మీద కొట్టిన గ్లైఫోసేట్ అనే కలుపు మందు వేర్ల దాకా పోతుంది. పిలక వేరూ పెద్ద చెట్టు వేరూ ఒకటే కాబట్టి ఇంటికి నీడనిచ్చే చెట్టుకే ముప్పు. వేరు దగ్గర నుంచి పిలకను చీల్చి తీయడమే మేలు. వేప చుట్టూ నేలను ఊరికే తవ్వకండి. వేరుకు గాయమైతే కొత్త పిలకలు పుడతాయి.

ఇక ముదిరిన చిల్లమోడు. దీనికి నా ఓటు గడ్డపారకే. వేరంతా తీయాలని పంతం పట్టనక్కర్లేదు, అలా అయితే బావి తవ్వినట్టే. చిగురించే మొగ్గలు నేలమట్టం దగ్గరా, దాని కిందా ఉంటాయి. అడుగు లోతున వేరు నరికి మొదలు పైకి తీస్తే చాలు. కష్టమంతా ముళ్లతోనే; చెప్పుల్లోంచి కూడా దిగుతాయి, బూట్లు వేసుకోండి.

మోడు ప్రహరీ పునాదిని ఆనుకుని ఉంటే తవ్వడం గోడకే ప్రమాదం. మందు నెగ్గేది అక్కడే. నరికిన వెంటనే, కోత పచ్చిగా ఉండగా, బెరడు పక్కనున్న అంచుకు పూయాలి. మర్నాటికి కోత ఆరిపోతే మందు లోపలికి దిగదు. అయితే 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం గ్లైఫోసేట్ వాడవలసింది పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే. వాళ్లను పిలిపించండి, దుకాణంలో డబ్బా కొనుక్కుని మీరే పూయకండి.

కిరోసిన్, డీజిల్, రాళ్ల ఉప్పు పోయమనేవాళ్లూ ఉంటారు. అవి మోడు కంటే ముందు మట్టిని పాడుచేస్తాయి. తీరం పక్క ఊళ్లలో అసలే ఉప్పునీళ్లు, దానికి తోడు ఇంకా ఉప్పెందుకు?

గుంత పూడ్చాక అక్కడ పూలమొక్క పెట్టాలనుకుంటే పచ్చి పశువుల ఎరువు వేయకండి. గొర్రెలు, పశువులు తిన్న చిల్లకాయల గింజలు పేడలోనూ బతికే ఉంటాయి. బాగా మాగిన ఎరువే వేయండి.