లిస్బన్ గోడలు, వలందుల గదులు, మా మియాపూర్ ఫ్లాటు

మియాపూర్‌లో కొన్న ఫ్లాటు తాళాలు చేతికి వచ్చిన నెలలోనే మేం యూరప్ బయలుదేరాం. లోపలి పనులు చేయించే కాంట్రాక్టరు అప్పటికే రెండుసార్లు వచ్చి, ‘యూరోపియన్ స్టైల్’ అంటూ ఒక బొమ్మల పుస్తకం చూపించి వెళ్లాడు. హాలు పైకప్పంతా బంగారు గీతల ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో దాక్కున్న నీలం దీపాలు, టీవీ వెనక పాలరాతిని పోలిన ప్లాస్టిక్ పలకలు. రెండు వారాలు పోర్చుగల్‌లోనూ నెదర్లాండ్స్‌లోనూ తిరిగాం. అలాంటి గది మాకు ఎక్కడా కనబడలేదు.

మా అమ్మాయి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఎమ్మెస్ చదువుతోంది. దాన్ని చూడటానికి వెళ్తూ ముందు పోర్చుగల్ చూద్దామన్నది నా పట్టుదల. చాలా యూరప్ దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసాకు ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకని లిస్బన్‌కు నాలుగు, పోర్టోకు రెండు, నెదర్లాండ్స్‌కు ఏడు రాత్రులు వేసుకున్నాం.

లిస్బన్‌లో అల్ఫామా పేటలో ఒక అపార్ట్‌మెంటు తీసుకున్నాం. ప్రకటనలో ‘చారిత్రక భవనం’ అని ఉంటే లిఫ్టు లేదని అర్థం చేసుకోవాలని అక్కడికి చేరాకే తెలిసింది. నాలుగో అంతస్తు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాల్సిన మెట్లు. వీధులన్నీ చిన్న చిన్న సున్నపురాళ్లు పరిచిన ఎత్తుపల్లాలు. సూట్‌కేసు చక్రాలు వాటి మీద చేసే చప్పుడుకు వీధి మొత్తానికి మన రాక తెలిసిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అల్ఫామాను పగలు చూసి, రాత్రి పడుకోవడానికి కింద బైషా ప్రాంతానికి పోవడం మంచిది. 28వ నంబరు ట్రామ్ కోసం గంటసేపు నిలబడడం కూడా దండగే. ఆ దారిని కాలినడకన పోతే అన్నీ కనిపిస్తాయి, జేబులూ భద్రంగా ఉంటాయి.

కానీ ఆ నాలుగో అంతస్తు వంటగదే నాకు మొదటి పాఠం చెప్పింది. గోడకు నేల నుంచి నడుము ఎత్తు వరకు నీలం, తెలుపు టైల్స్, ఆపైన వట్టి సున్నం. ఇదేదో అలంకారం అనుకున్నాను. తాళాలు ఇవ్వడానికి వచ్చిన ఇంటావిడ నవ్వి, గోడ కింది భాగానికే కదా చెమ్మ, కుర్చీల రాపిడి, పిల్లల చేతులూ అంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు, యాభై ఏళ్లయినా సున్నం మాట ఎత్తక్కర్లేదట. నాకు మా బందరు బడి గుర్తుకొచ్చింది. నడుము ఎత్తు వరకు ముదురు రంగు ఆయిల్ పెయింటు, పైన తెల్ల సున్నం. మన బళ్లకూ తాలూకా ఆఫీసులకూ తెలిసిన సంగతే ఇది. మనం దాన్ని సర్కారు వాసన అనుకుని ఇళ్లలోకి రానివ్వలేదు, వాళ్లు దాని మీద బొమ్మలు వేసుకున్నారు.

ఈ టైల్స్‌ను పోర్చుగీసులో అజులేజు అంటారు. నున్నని చిన్న రాయి అనే అర్థం ఉన్న అరబ్బీ మాట నుంచి వచ్చిన పేరు. లిస్బన్‌లో ఒక్క మ్యూజియమే చూసే వీలుంటే జాతీయ అజులేజు మ్యూజియం చూడమంటాను. 1509లో లియొనోర్ రాణి కట్టించిన మద్రె ద దెవుష్ కాన్వెంటులో అది ఉంది. నగరం నడిబొడ్డుకు కాస్త దూరం, బస్సులో వెళ్లాలి. అందువల్లే జనం తక్కువ. పై అంతస్తులో దాదాపు 23 మీటర్ల పొడవున లిస్బన్ నగరం మొత్తాన్ని టైల్స్ మీద గీసిన చిత్రం ఉంది. 1755 భూకంపానికి ముందటి నగరం అది. కూలిపోయిన రాజభవనం, మేడలు, పడవలు అన్నీ వరసగా నిలబడి ఉంటాయి. మా ఆయన దాన్ని ఒక కొస నుంచి మరో కొసకు రెండుసార్లు నడిచారు. ఆయన మ్యూజియంలో ఏదైనా రెండోసారి చూడటం పెళ్లయ్యాక అదే మొదలు.

అదే కాన్వెంటు చర్చి గోడలకున్న పెద్ద నీలం చిత్రాలు హాలండు నుంచి తెప్పించినవని అక్కడి బోర్డు చెప్పింది. టైల్స్‌కు పుట్టిల్లు అనుకున్న దేశం కూడా ఒక కాలంలో వలందుల సరుకు మీద మోజుపడిందన్నమాట. వలందులు అంటే డచ్చివాళ్లు. బందరులో పుట్టినదాన్ని కాబట్టి ఆ మాట నాకు అలవాటు. మా ఊళ్లో ఇప్పటికీ వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది, ఫ్రెంచివాళ్ల పేరున పరాసుపేట ఉంది.

మంగళ, శనివారాల్లో శాంత క్లారా మైదానంలో ఫెయిరా ద లాద్రా అనే పాత సామాన్ల సంత జరుగుతుంది. దుప్పటి మీద పరిచిన పాత టైల్స్ చూసి నా చేయి ఆగలేదు. కానీ పాత ఇళ్ల గోడల నుంచి వాటిని ఊడబెరికి అమ్మే దొంగతనం అక్కడ పెద్ద సమస్య. దాన్ని అరికట్టడానికే 2007లో పోలీసు శాఖ మ్యూజియం ‘ఎస్ఓఎస్ అజులేజు’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఎవరి ఇంటి గోడదో తెలియని ముక్కను నా వంటింట్లో పెట్టుకోవడానికి మనసొప్పలేదు. తీసినవి తీసినట్టే పెట్టేశాను.

పోర్టోకు రైల్లో మూడు గంటలు. ముందుగా కొంటే టికెట్టు బాగా చవక. సావ్ బెంతు స్టేషన్ ముందరి హాలులో జార్జ్ కొలాసు చిత్రించిన టైల్స్ 20 వేల దాకా ఉన్నాయి. యుద్ధాలు, పెళ్లి ఊరేగింపులు, ద్రాక్షతోటలు. ఉదయం ఏడింటికి వెళ్తే ఆఫీసులకు పరుగెత్తేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. తొమ్మిది దాటాక సెల్ఫీల మధ్య గోడను వెతుక్కోవాలి. శాంత కతరీనా వీధిలోని అల్మాష్ చాపెల్ బయటి గోడలకు దాదాపు 16 వేల టైల్స్ ఉన్నాయి. ఏ మూడు వందల ఏళ్ల నాటివో అనిపించే ఆ గోడల వయసు అడిగితే 1929 అన్నారు. మా నాయనమ్మ వాటికంటే పెద్దది.

ప్రయాణం మొత్తంలో బాగున్న బస పోర్టోదే. బొల్యావు మార్కెట్ దగ్గర ఐదు గదుల చిన్న అతిథి గృహం. మా గదిలో పైకప్పుకు దీపమే లేదు. మంచం పక్కన ఒకటి, కుర్చీ వెనక ఒకటి, కిటికీ గూట్లో ఒకటి, అన్నీ మోకాలి నుంచి భుజం ఎత్తులోపే. మొదటి రాత్రి మా ఆయన ట్యూబ్‌లైటు స్విచ్చి కోసం గోడలన్నీ తడిమారు. రెండో రాత్రి ఇద్దరం పదకొండు దాకా చదువుకుంటూ కూర్చున్నాం. శాకాహారులకు ఒక్క హెచ్చరిక. ఆకుకూర సూప్ అని తెచ్చే కాల్దు వెర్దెలో మాంసం ముక్క వేస్తారు, ముందే వద్దని చెప్పాలి. గుడ్డు తినేవాళ్లకు గుడ్డు కస్టర్డ్ నింపిన పస్తెల్ ద నాతా ఉండగా ఆకలి బాధ లేదు.

డెల్ఫ్ట్‌లో కాలవ గట్టున ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాం. దాని మెట్లు నిచ్చెనకు కాస్త నయం. పట్టుకోవడానికి మోకు వేలాడుతూ ఉంటుంది. ఈ ఇళ్ల నుదుట కొక్కెం తగిలించిన దూలం ఉంటుంది. మెట్ల మీదుగా బీరువా పైకి పోదు కనుక దాన్ని మోకుతో కిటికీ గుండా లాగుతారు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు బాగున్నాయి, ఆ ధరకు పోర్టోలో మూడు రోజులు ఉండవచ్చు.

సాయంత్రాలు అమ్మాయితో వీధుల వెంట నడిచేటప్పుడు ఇళ్ల లోపలి గదులు కనిపిస్తూనే ఉంటాయి. చాలామంది తెరలు వేసుకోరు. పెద్ద కిటికీ, గూట్లో రెండు కుండీలు, తెల్లగోడ, బల్ల మీదికి వంగిన దీపం. “అమ్మా, అలా తొంగిచూడకూడదు” అని అమ్మాయి నా చెయ్యి లాగేది. నా ఇంటి లోపలి పనులు ఇంకా జరగాల్సి ఉంది, నేను చూడక ఎవరు చూస్తారు?

ఆ గదుల్లోనే రెండో పాఠం దొరికింది. గోడ నేలను తాకే చోట ఒక్క వరస టైల్స్, అంతే. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో డెల్ఫ్ట్‌వాడే అయిన వెర్మీర్ గీసిన ‘పాలమ్మాయి’ చిత్రం కింది మూల చూడండి, ఆ వరస అక్కడా ఉంది. నేల కడిగే తడి సున్నానికి తగలకుండా వేసుకున్న ఏర్పాటు అది. మన స్కర్టింగే, కాకపోతే ఒక్కో టైలు మీద గాలిపటం ఎగరేసే పిల్లవాడో, చేపలు పట్టేవాడో ఉంటాడు.

1653 నుంచి నడుస్తున్న రాయల్ డెల్ఫ్ట్ కర్మాగారంలో చిత్రకారులు పని చేస్తుండగా పక్కనే నిలబడి చూడవచ్చు. వాళ్ల కుంచె కింద రంగు నల్లగా ఉంటుంది. అది కోబాల్టు, కొలిమిలో కాలాకే నీలం తేలుతుంది. చేత్తో గీసినవాటి ధర చూసి గౌరవంగా వెనక్కి తగ్గాను. ఊరి దుకాణాల్లో చవకగా అమ్మేవి చాలావరకు అచ్చు బొమ్మలు. చివరకు ఒక పాత వస్తువుల వ్యాపారి దగ్గర, బిల్లు రాయించుకుని, అంచులు చెదిరిన ఆరు పాత టైల్స్ ఒక్కోటి 25 యూరోలకు కొన్నాను. “మూడేళ్ల కిరాణా ఖర్చు” అన్నారు మా ఆయన. లెక్కల్లో ఆయన ఎప్పుడూ అంతే.

అక్కడి నుంచి ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ వెళ్లాం. అక్కడి ముఖ్యపట్టణం లేవార్డెన్‌కు దగ్గర దగ్గర మూడు గంటలు. బ్యాంకు కార్డునే స్టేషన్‌లో తాకించి రైలెక్కవచ్చు, దిగాక మళ్లీ తాకించాలి. కానీ లేవార్డెన్ నుంచి చిన్న ఊళ్లకు పోయే రైళ్లు వేరే కంపెనీవి. ఒకదానికి ముగింపు తాకించి, రెండోదానికి మొదలు తాకించాలి. మా ఆయన రెండూ మరిచిపోయి ఆ డబ్బు వదులుకున్నారు. రాత్రి బస బ్లోక్‌హౌస్‌పోర్ట్‌లో. అది 2007 దాకా జైలు. ఇప్పుడు అందులో గ్రంథాలయం, దుకాణాలు, హాస్టలు ఉన్నాయి. మా గది అచ్చంగా ఒక ఖైదీ కొట్టు. మంచం, మడిచే బల్ల, గోడకు మూడు కొక్కేలు. సామాను పెట్టుకోవడానికి ఎక్కడా ఇబ్బంది కలగలేదు. మా మియాపూర్ చిన్న పడకగదిలో ఆ కాంట్రాక్టరు నేల నుంచి పైకప్పు దాకా రాసిన అల్మరాలను ఆ రాత్రే సగానికి కొట్టేశాను.

మర్నాడు హిండెలోపెన్. చెరువులా మారిన ఒకప్పటి సముద్రం ఒడ్డున, వెయ్యి మంది కూడా లేరేమో అనిపించే ఊరు. స్టేషన్ నుంచి పొలాల మధ్య ఇరవై నిమిషాలు నడవాలి. గాలి మనిషిని తోసేస్తుంది. ఇక్కడి మగవాళ్లు ఓడల మీద బాల్టిక్ దేశాలకు పోయేవారట. ఇళ్లలోని కుర్చీలు, పెట్టెలు, ఉయ్యాలలు, గోడలోని పెట్టె మంచాలు, దేన్నీ ఖాళీగా వదలకుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మీద పూలతీగలు గీశారు. మ్యూజియంలో ఒక గదిని అలాగే అమర్చి ఉంచారు. ఆ గదిలో నిలబడిన బొమ్మ ఆడమనిషి ఒంటి మీద నేలజీరాడే కోటు. తెల్లని నేల మీద ఎర్రపూలు, మెలికలు తిరిగిన తీగలు, నల్లని అంచు గీత.

“అమ్మా, ఇది బందరు గుడ్డ కదా?” అంది అమ్మాయి.

వెంట్కె అనే ఆ కోటును ఇండియా నుంచి వచ్చిన చీటీగుడ్డతో కుట్టుకునేవారు. డచ్చిలో దాన్ని సిట్స్ అంటారు. శుభకార్యాలకు ఎరుపు, ఇంట్లో ఎవరైనా పోతే నీలం, తెలుపు. వలందులు 1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో బందరులో వ్యాపారం మొదలుపెట్టారు. ఆ పక్కనే పాలకొల్లులోనూ వాళ్ల అద్దకాలు నడిచాయి. ఈ కోటు గుడ్డ అక్కడిదో, పులికాట్‌దో బోర్డు చెప్పలేదు. కరక్కాయ, పటిక, చిరువేరుతో అద్దే ఎరుపు మాత్రం నా కళ్లు పోల్చుకున్నాయి. గది చాలా మసకగా ఉంది. వెలుతురు తగిలితే రంగులు పోతాయని అలా ఉంచుతారట. ఆ మాట అప్పుడు విన్నాను గానీ తలకెక్కించుకోలేదు. ఈ ఊరికి చలికాలంలో వెళ్లేవాళ్లు మ్యూజియం తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోవాలి.

తిరిగి వచ్చాక కాంట్రాక్టరుకు ఫాల్స్ సీలింగు వద్దన్నాను. ఆయన మొహం వాడిపోయింది. భోజనాల బల్ల వెనక గోడకు నడుము ఎత్తు వరకు మామూలు తెల్ల టైల్స్, పైన సున్నం. హాలుకు రెండు పొట్టి దీపాలు. మా అత్తగారు వచ్చి, “ఇంటికి కరెంటు ఇంకా ఇవ్వలేదా అమ్మా?” అని అడిగారు. ఆవిడ కోసం ట్యూబ్‌లైటు ఒకటి పెట్టించక తప్పలేదు, ఆవిడ ఉన్నప్పుడు వేస్తాం.

తర్వాత కలంకారీ అద్దకాల ఊరు పెడన వెళ్లాం. టేకు అచ్చులు, కాలవ నీళ్లలో ఉతుకుతున్న బారుల కొద్దీ గుడ్డలు. హిండెలోపెన్‌లో చూసిన గుడ్డ కలంతో గీసింది, ఇక్కడివి అచ్చుతో అద్దినవి. ఆ తేడా ఉన్నా తీగ మెలిక అదే. పడమటి కిటికీకి తెరలు కుట్టించాను. ఒక్క ఎండాకాలం గడిచేసరికి ఎరుపు కాస్తా వెలిసిన ఇటుక రంగుకు దిగింది. మ్యూజియం మసక గది అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు వాటిని ఎండ తగలని గోడకు వేలాడదీశాను, కిటికీకి దళసరి తెల్ల ఖద్దరు.

ఆరు డెల్ఫ్ట్ టైల్స్‌లో ఒకటి విమానం సామాన్లలో రెండు ముక్కలైంది. గాలిపటం ఒక ముక్కలో, పిల్లవాడు ఇంకో ముక్కలో. మిగతా ఐదూ నేలకు పైన స్కర్టింగ్ వరసలో కూర్చున్నాయి. పగిలినదాన్ని పారేద్దామన్నాడు మేస్త్రీ. వద్దంటే, రెండు ముక్కల మధ్య తెల్ల సిమెంటు పూసి వంటింటి తలుపు వెనక అతికించి వెళ్లాడు. తలుపు తీసి ఉన్నంతసేపూ కనిపించదు. రాత్రి గిన్నెలు కడిగి తలుపు వేసినప్పుడు, దారం తెగిన ఆ పిల్లవాడు బయటికి వస్తాడు.