రాయగడ తల్లిదండ్రులకు జాగ్రత్త: "వీగన్ భోజనం" అని 4,500 కట్టించుకుని మా పాపకు రోజూ ఆవుపాలు పోశారు

నిన్న ఉదయం జరిగింది. రాత్రంతా నిద్ర లేదు. "కాస్త చల్లబడ్డాక రాయి" అన్నారు మావారు. చల్లబడితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

బడి పేరు రాయడం లేదు. రాస్తే నోటీసు వస్తుందని ఇంట్లో భయం. ఒడిశాలోని మా ఊళ్ళో తెలుగువాళ్ళ పిల్లలు సగం మంది అక్కడే ఉన్నారు కాబట్టి చాలామందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అర్థం కానివాళ్ళు రెండు, మూడు బడులు కనుక్కుంటే తెలుస్తుంది. "మా దగ్గర అన్ని రకాల భోజనాలూ దొరుకుతాయి" అని ఎవరు నవ్వుతూ చెబుతారో వాళ్ళే.

మేము పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, మాంసం, తేనె ఏవీ వాడం. వీగన్ అంటే ఇదే. ఎందుకు వాడరు, పిల్లకు బలం ఎలా వస్తుంది, ఇదేం పిచ్చి అన్న ప్రశ్నలకు మా అత్తయ్యకే నాలుగేళ్ళుగా జవాబు చెబుతున్నాను. ఇక్కడ మళ్ళీ చెప్పే ఓపిక లేదు. పాపకు మూడున్నరేళ్ళు. విశాఖలో పిల్లల డాక్టరుకు చూపించే చేస్తున్నాం. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో నమ్మకంగా దొరకదు కాబట్టి దానికి చుక్కల మందు ఇచ్చారు. బాదం పాలలో మాంసకృత్తులు బాగా తక్కువ, చిన్నపిల్లకు సోయా పాలే మేలని, అది కూడా కాల్షియం కలిపినదే చూసి కొనమని చెప్పారు. వాటికి తోడు రాగి జావ, నువ్వుల ఉండ, ఇనుము ఒంటికి పట్టడానికి పప్పు మీద నిమ్మరసం. అంటే పిల్లను గాలికి వదిలేసిన తల్లిని కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానో కిందికి వచ్చాక తెలుస్తుంది.

జూన్‌లో చేర్చేటప్పుడు డబ్బా ఇంటి నుంచి పంపుతామన్నాం. కుదరదన్నారు. బయటి ఆహారం వస్తే మిగతా పిల్లలు అడుగుతారట, శుభ్రత సమస్యలట. దానికి బదులు నెలకు 1,500 చొప్పున మూడు నెలలకు ఒకేసారి కడితే ప్రత్యేకంగా వీగన్ భోజనం వాళ్ళే వండిస్తారట. పదకొండు గంటలకు సోయా పాలు, మధ్యాహ్నం నెయ్యి లేని ఖిచిడీ, లేదా నూనెతో పోపు పెట్టిన దాల్మా, అంటే కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు. ఆఫీసు గదిలో అద్దాల అలమరలో సోయా పాల డబ్బా ఒకటి పెట్టి ఉంది. "విశాఖ నుంచి రైల్లో తెప్పిస్తున్నాం మేడం" అన్నారు డైరెక్టరు గారు. ఆ డబ్బాను చూసి నేను మురిసిపోయాను. రాయగడలో సోయా పాలు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా కూతురి కోసం రైల్లో పాలు వస్తున్నాయని ఆ సాయంత్రం పార్వతీపురంలో ఉన్న మా అమ్మకు ఫోను చేసి మరీ చెప్పుకున్నాను. అది తలచుకుంటే ఇప్పుడు గోడకు తల బాదుకోవాలని ఉంది.

డబ్బు కట్టి ఊరుకోలేదు. తెలుగులో, ఒడియాలో, చదవడం రాని వాళ్ళకు బొమ్మలతో సహా ఒక కాగితం తయారు చేశాను. దుధొ (పాలు), దహి (పెరుగు), ఘిఅ (నెయ్యి), ఛెనా (పాల విరుగుడు), గుడ్డు, తేనె అన్నింటి మీదా ఎర్ర గీత. చిరిగిపోకుండా లామినేషన్ కూడా చేయించి ఇచ్చాను. పాప గ్లాసు ఇంటి నుంచే పంపమంటే నామకరణానికి మా అన్నయ్య పెట్టిన స్టీలు గ్లాసు పంపాను. దాని మీద వాళ్ళే ఒక పచ్చ స్టిక్కరు అంటించారు. వీగన్ పిల్ల అని తెలియడానికట. ఎంత పద్ధతి అనుకున్నాను.

రెండు వారాలకే పాప గౌనుకు గుచ్చిన రుమాలు పులిసిన పాల వాసన వేయడం మొదలుపెట్టింది. నాకు తెలిసింది. తెలియలేదని అబద్ధం చెప్పను. సోయా పాలు కూడా విరిగితే ఇలాగే ఉంటుందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆ రుమాలు ఉతికి ఆరేశాను. మధ్యలో నాలుగు రోజులు కడుపు ఉబ్బరం వచ్చింది. అది పాల వల్లే వచ్చిందని నేను అనలేను, అప్పుడు వానలు కూడా పడుతున్నాయి. కానీ బడిలో అడిగితే ఆలోచించకుండా "కొత్త నీళ్ళు మేడం" అన్నారు. పుట్టినప్పటి నుంచి రాయగడ నీళ్ళే తాగుతున్న పిల్లకు కొత్త నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో నేను అడగలేదు.

ఇక నిన్నటి సంగతి.

కృష్ణాష్టమికి పిల్లలకు వేషాలు వేస్తున్నారు. అట్టతో కిరీటం చేసి, నెమలి పింఛం అతికించి, పదకొండు గంటల వేళ ఇవ్వడానికి వెళ్ళాను. ముందు తలుపు దగ్గర ఎవరూ లేరు. వంటగది పక్క నుంచి లోపలికి వెళ్ళాను. బల్ల మీద గ్లాసులు వరసగా పెట్టి ఉన్నాయి. పచ్చ స్టిక్కరు ఉన్న మా గ్లాసు కూడా ఉంది. అందులో పాలు, పాల మీద ముడతలు పడిన పసుపు తెలుపు మీగడ. సోయా పాలకు కూడా పైన తొరక కడుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే తొందరపడి అరవకూడదని గ్లాసు ఎత్తి వాసన చూశాను. వేలితో ముట్టుకుని నాలుక మీద పెట్టుకున్నాను. పన్నెండేళ్ళ తర్వాత నా నోట్లోకి ఆవుపాలు వెళ్ళాయి. మరిచిపోయే రుచి కాదు. పొయ్యి పక్కన కత్తిరించిన పాల ప్యాకెట్లు ఆరు, బకెట్‌లో ఉన్నాయి.

వంట చేసే మావుసి (ఒడియాలో పిన్ని అని) నన్ను చూసి కంగారు పడలేదు. పడవలసిన పని ఆమెకు లేదని తర్వాత తెలిసింది. "ఈ గ్లాసులో ఏమి పోశావు మావుసీ?" అంటే "పాలే అమ్మా" అంది. "ఈ పచ్చ కాగితం దేనికో నీకు చెప్పారా?" అన్నాను.

"ఎందుకు చెప్పలేదు? పచ్చ కాగితం అంటే ఎక్కువ డబ్బు కట్టిన పిల్లలు. వాళ్ళకు నీళ్ళు కలపకుండా చిక్కగా పోయమన్నారు."

మళ్ళీ చదవండి. చిక్కగా. మిగతా పిల్లలు నీళ్ళ పాలు తాగుతుంటే, పాలు వద్దని నెలకు పదిహేను వందలు కట్టిన నా కూతురు చిక్కటి పాలు తాగింది. పచ్చ స్టిక్కర్లు ఇంకో రెండు గ్లాసుల మీద ఉన్నాయి. ఆ పిల్లల తల్లులు దేనికి డబ్బు కట్టారో నాకు తెలియదు. వాళ్ళు ఇది చదువుతుంటే ఒకసారి వెళ్ళి కనుక్కోండి.

నేను ఇచ్చిన కాగితం ఏదని అడిగాను. మావుసి చూపించింది. దాని మీదే ఉల్లిపాయలు తరుగుతోంది. లామినేషన్ చేయించాను కదా, కత్తిపీట బల్ల కన్నా శుభ్రంగా తుడుచుకోవచ్చట. ఘిఅ అన్న మాట మీద నేను గీసిన ఎర్ర గీతకు అడ్డంగా కత్తి గాట్లు. తన మీద నాకు కోపం లేదు. "ఇది ఇంగ్లీషు కాగితం అనుకున్నాను" అంది పాపం. ఒడియా అక్షరాల పైకి ఉల్లిపాయ తొక్కలు పరుచుకుని ఉన్నాయి, ఆమెకు మాత్రం ఎలా కనిపిస్తాయి?

కిరీటం చేతిలో పట్టుకునే ఆఫీసు గదికి వెళ్ళాను. అక్కడ ఇంకో ఇద్దరు తల్లులు కూర్చుని ఉన్నారు. డైరెక్టరు గారు మొదట అవి సోయా పాలే అన్నారు. రుచి చూశానంటే, ఈ ఒక్క రోజే సరుకు రాలేదన్నారు. అద్దాల అలమర తెరిచి డబ్బా తీశాను. జూన్‌లో నేను చూసి మురిసిపోయిన డబ్బాయే. మూత సీలు అలాగే ఉంది, పైన దుమ్ము, గడువు తేదీ పోయిన నెలే దాటిపోయింది. రైల్లో వచ్చింది ఆ ఒక్క డబ్బానే అన్నమాట, అది కూడా అలమరలో కూర్చోవడానికి.

అప్పుడైనా తప్పయిందని ఉంటే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదేమో. ఆవిడ కుర్చీలో వెనక్కి ఆనుకుని, ఆ ఇద్దరు తల్లులకు వినపడేలా ఇలా అన్నారు: "మీ పాప రెండో గ్లాసు అడిగి తాగుతోంది మేడం. అంటే బిడ్డ ఒంటికి అది కావాలని అర్థం. మీరు ఇవ్వడం లేదు, మేము ఇస్తున్నాం. నిజానికి మీరు మాకు కృతజ్ఞతలు చెప్పాలి."

నాకు నోట మాట రాలేదు. ఇంటికి వచ్చాక స్నానం చేస్తూ, కూర తరుగుతూ పది జవాబులు తోచాయి. అక్కడ ఒక్కటీ రాలేదు. ఆవిడ నా చేతిలోని కిరీటం చూసి, "రేపు ఉట్టి కొట్టాక మీ కృష్ణుడికి ఏమి పెట్టమంటారు, సోయా వెన్నా?" అన్నారు. ఒక తల్లి నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

పాప అడిగి తాగి ఉండవచ్చు. మూడున్నరేళ్ళ పిల్ల తియ్యగా ఏది ఇచ్చినా అడుగుతుంది, చాక్‌పీసు కూడా ఒకసారి నమిలింది. దానికి పాపను నేను ఒక్క మాట అనలేదు, అనను. రాత్రి పడుకోబోతూ "మావుసి పాలు బాగుంటాయి అమ్మా" అంది. దీపం ఆర్పేసి పక్కకు తిరిగి పడుకున్నాను. రథయాత్ర సెలవు, ఆదివారాలు తీసేస్తే నలభై ఆరు గ్లాసులని చీకట్లో లెక్క వేశాను. ఆ లెక్కతో ఏమి చేయాలో తెలియదు.

సాయంత్రం బడి నుంచి ఒక ఫోటో పంపించారు, పాల ప్యాకెట్ ఫోటో. "చూడండి మేడం, పచ్చ చుక్క ఉంది, ఇది శాకాహారమే" అని కింద రాశారు. పిల్లలకు తిండి పెట్టే సంస్థ నడిపే మనిషికి ఇది నిజంగా తెలియదో, నాకు తెలియదనుకున్నారో అర్థం కాలేదు. పచ్చ చుక్క అంటే మాంసం, చేప, గుడ్డు లేవని మాత్రమే. పాలకు, నెయ్యికి, తేనెకు కూడా పచ్చ చుక్కే ఉంటుంది. వీగన్ ఆహారానికి 2022 నిబంధనలతో మన దేశంలో వేరే గుర్తు వచ్చింది: పచ్చగా ఇంగ్లీషు వి అక్షరం, దాని మీద చిన్న మొలక. ప్యాకెట్ మీద నాన్‌డెయిరీ (పాలు లేనిది) అని రాసి ఉన్నా నమ్మకండి. టీలో కలిపే ఆ రకం పొడుల్లో చాలావాటికి సోడియం కేసినేట్ ఉంటుంది, అది పాల నుంచి తీసేదే. వెనకవైపు చిన్న అక్షరాల్లో కేసినేట్, వే (పాలు విరిగాక మిగిలే తేట), పాల ఘన పదార్థాలు అని కనిపిస్తే పక్కన పెట్టేయండి. బిస్కెట్లలో, రొట్టెల్లో కూడా ఉంటాయి.

డబ్బు తిరిగి ఇమ్మంటే రసీదు తెమ్మన్నారు. తీసి చూస్తే దాని మీద "ప్రత్యేక ఆహారం" అని మాత్రమే ఉంది. వీగన్ అన్న మాట ఎక్కడా లేదు. నేనే సంతకం పెట్టాను. చిక్కటి పాలు కూడా ప్రత్యేక ఆహారమే కదా! 1915 వినియోగదారుల సహాయవాణికి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, రసీదు, ఫోటోలు దగ్గర పెట్టుకోమన్నారు. గ్లాసు ఫోటో తీయాలన్న ధ్యాస అప్పుడు నాకు లేదు. వాళ్ళంతట వాళ్ళు పంపిన పాల ప్యాకెట్ ఫోటో మాత్రం ఉంది. ఆ తెలివికి ధన్యవాదాలు.

అత్తయ్య "అంగన్‌వాడీకే పంపవలసింది" అంటున్నారు. అక్కడ గుడ్డు పెడతారత్తయ్యా అంటే, "పెడతారు, పెడతామని చెప్పే పెడతారు" అన్నారు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ మాటకు నా దగ్గర జవాబు లేదు. పైగా అక్కడిచ్చే ఛతువా గోధుమ, శనగ, వేరుశనగ, చక్కెరలతో చేసిన పిండి. రైల్లో రాకపోయినా అందులో ఏముందో అందరికీ తెలుసు.

ఎవరైనా పిల్లలకు పాలు పడక గానీ, మాలాగా మానేసి గానీ ఇలాంటి ప్రత్యేక భోజనాలకు డబ్బు కడుతుంటే, రసీదులో "పాలు, పెరుగు, నెయ్యి లేని ఆహారం" అని పూర్తిగా రాయించుకోండి. మూడు నెలలకు ఒకేసారి కట్టకండి. వండే మనిషితో మీరే ఒకసారి మాట్లాడండి, డైరెక్టరుతో కాదు. చెప్పకుండా ఒక రోజు పదకొండు గంటలకు వెళ్ళండి. రుమాలు వాసన చూడండి, చూశాక నాలాగా ఉతికి ఆరేయకండి. పాలు పడని జబ్బు ఉన్న పిల్లకే ఇలా చిక్కగా పోసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయంగా ఉంది.

ఈ రోజు మధ్యాహ్నం మళ్ళీ ఫోను వచ్చింది. డబ్బు ఇవ్వడం కుదరదట. దానికి బదులు బడి పేరు ముద్రించిన నీళ్ళ సీసా ఒకటి ఉచితంగా ఇస్తారట. సోమవారం వెళ్ళి పాప సంచీ, చాప తెచ్చుకుంటాను. సీసా వాళ్ళ దగ్గరే ఉంచుకోమని చెప్పాను. గ్లాసు మాత్రం అడిగి తెచ్చుకుంటాను, అది మా అన్నయ్య పెట్టింది.